మందకు కాపలా కుక్క కావాలా? కుక్కపిల్లను ఇలా పెంచండి

మందను కాయడం కుక్కకు ఎవరూ నేర్పలేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ట్రైనింగ్ గురించే అడుగుతారు. కూర్చోమంటే కూర్చోవడం, రమ్మంటే రావడం నేర్పవచ్చు. నక్క వచ్చినప్పుడు దానికీ జీవాలకీ మధ్యకు వెళ్లి నిలబడటం నేర్పే పద్ధతి మాత్రం లేదు. అది కొన్ని జాతులకు పుట్టుకతోనే వస్తుంది. మన చేతిలో ఉన్నవి రెండే పనులు. ఆ పిల్ల గొర్రెలనో మేకలనో తనవాళ్లనుకునేలా పెంచాలి, తప్పుడు అలవాటు పడే సందు దానికి ఇవ్వకూడదు. ఇందుకు దాదాపు రెండేళ్లు పడుతుంది.

నా మొదటి కుక్కకు నేను ఆ రెండేళ్లు ఇవ్వలేదు. ఎనిమిది వారాల పిల్లను తెచ్చి నేరుగా మందలో వదిలేశాను. ఏడో నెలలో అది ఒక గొర్రెపిల్ల చెవి నమిలింది. ఇక పనికిరాదని తెలిసినవాళ్లకు ఇచ్చేశాను. వాళ్లు ఓపిగ్గా చూసుకున్నారు. రెండేళ్లు నిండేసరికి అదే కుక్క అప్పుడే పుట్టిన గొర్రెపిల్లల మీద ఈగ వాలనిచ్చేది కాదు. కింద రాసినవాటిలో సగం ఆ కుక్క దగ్గర చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నవే.

జాతి దగ్గరే సగం తేలిపోతుంది

మందను తోలే కుక్క వేరు, కాచే కుక్క వేరు. బోర్డర్ కోలీ లాంటి తోలే కుక్కలో వేటగుణం చాలావరకు మిగిలే ఉంటుంది. రెప్ప వేయకుండా చూస్తుంది, వంగి పొంచి నడుస్తుంది, వెంటపడుతుంది. పట్టి చంపడం ఒక్కటే చేయదు. కాపలా జాతుల్లో ఈ వరసంతా మందగించి ఉంటుంది. అందుకే గొర్రెలు వాటి పక్కన నెమరు వేసుకుంటూ పడుకోగలుగుతాయి. గ్రేట్ పైరనీస్, ఇటలీ మరెమ్మా, టర్కీ కంగల్, అక్‌బాష్, హంగేరీ కొమొండోర్, హిమాలయాల్లోని గద్దీ, బఖర్‌వాల్ ఇలాంటివి. 

జర్మన్ షెపర్డ్ సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అది మనిషిని, మనిషి ఇంటిని కాస్తుంది. మీరు ఇంటికి వెళ్తే అదీ వెనకాలే వచ్చేస్తుంది. మనకు కావలసింది మీరు వెళ్లిపోయినా జీవాల దగ్గరే ఉండిపోయే కుక్క. కాపలా జాతికి, తోలే జాతికి పుట్టిన సంకరం పిల్లలు ఊరికే వస్తున్నాయన్నా తీసుకోకండి. ఏ గుణం ఎటు పోయిందో ఏడాది దాటితేగానీ తెలియదు.

1970ల చివర్లో అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీల నుంచి ఈ జాతి కుక్కలను తెప్పించారు. వాటిని రైతులకిచ్చి ఏళ్ల తరబడి గమనించారు. మంచి కాపలా కుక్కకు వాళ్లు చూసిన లక్షణాలు మూడు. మందకు హాని చేయదు. మందను వదలదు. బయటి నుంచి వచ్చేదాన్ని ఎదిరిస్తుంది. పెంపకంలోనూ ఈ వరసే పట్టుకోండి. చాలామందికి మూడోదాని మీదే తొందర. పిల్ల మొరగడం లేదని టెన్షన్ పడి ఉసిగొల్పుతారు, ఆ ఉషారులో అది మొదటిదే మరిచిపోతుంది.

పిల్లను ఎంచుకోవడం

తల్లి, తండ్రి నిజంగా మందలో పని చేస్తున్నాయా అన్నది మొదట చూడండి. సర్టిఫికెట్లు తర్వాత చూసుకోవచ్చు. దొడ్డిలోనే పుట్టి, కళ్లు తెరిచిన నాటి నుంచి గొర్రెల వాసన పీలుస్తూ పెరిగిన పిల్ల దొరికితే అదృష్టమే. మూడు వారాల నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల ఎవరి మధ్య ఉంటే వాళ్లే దానికి బంధువులు. ఆ కాలం దాటాక కొత్తవాళ్లను కలుపుకోవడం కష్టమవుతూ పోతుంది. అందుకే ఏడెనిమిది వారాలకు తెచ్చుకోవడం మంచిది. మరీ ముందు తెస్తే తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా నేర్చుకునే మర్యాదలు దక్కవు, కొరికితే ఎంత నొప్పో తెలియదు.

ఈ బంధుత్వం గొర్రెలకే పరిమితం కాదు. ఆస్ట్రేలియాలో వార్నంబూల్ పక్కన మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవిలో నక్కల వల్ల బుల్లి పెంగ్విన్లు పది లోపుకు పడిపోయాయి. 2006 నుంచి అక్కడ మరెమ్మా కుక్కలను కాపలా పెడితే మళ్లీ పెరిగాయి. నమీబియాలో చీటాల సంరక్షణ సంస్థ 1994 నుంచి రైతులకు ఈ కుక్కలను ఇస్తోంది. మందకు నష్టం తగ్గితే రైతు చీటాను కాల్చడు కదా!

ఒకే ఈత పిల్లల్లో అన్నింటికంటే ముందు ఉరికొచ్చేదాన్ని, మూలన నక్కి వణికేదాన్ని వదిలేయండి. ఎత్తుకుంటే కాసేపు గింజుకుని, తర్వాత సర్దుకుని చుట్టూ చూసేది మంచిది. తోబుట్టువులు రెంటినీ కలిపి తెచ్చుకోవాలని అనిపిస్తుంది, ఒకదానికొకటి తోడుంటాయని. వద్దు. అవి రెండూ ఆటలో పడితే మందను పట్టించుకోవు, పట్టించుకున్నాయంటే ఇద్దరూ కలిసి ఒక గొర్రెను తరుముతున్నారని అర్థం. పని తెలిసిన పెద్ద కుక్క పక్కన ఒక పిల్ల, ఇంతకు మించిన జోడీ లేదు. పెద్దది గుర్రుమంటే పిల్లకు అర్థమైనంత మీరు వందసార్లు చెప్పినా కాదు. అయితే ఆ పెద్దదానికి కంచె దూకే అలవాటు ఉంటే అదీ నేర్పుతుంది.

పిల్ల రాకముందే చోటు సిద్ధం చేయండి

మంద కనబడేలా, వాసన తగిలేలా ఒక చిన్న గట్టి దొడ్డి కట్టండి. పది పన్నెండు అడుగుల చదరం సరిపోతుంది. అడుగున మెష్ సందులు చిన్నవిగా ఉండాలి, లేకపోతే రెండో రోజే తల దూర్చి ఇరుక్కుంటుంది. ఒక మూల పలకలతో అడ్డం కట్టి, కుక్కపిల్ల దూరేంత, గొర్రె దూరలేనంత సందు వదలండి. దాని తిండి, నీళ్లు, పడక అన్నీ అక్కడే. ఈ మూల లేని దొడ్డిలో పిల్లను వదలకండి. తరిమే గొర్రె నుంచి తప్పించుకునే చోటు లేని పిల్ల జీవాలంటే భయమైనా నేర్చుకుంటుంది, పగైనా పట్టుకుంటుంది.

తోడుగా నాలుగైదు నెమ్మదైన జీవాలను పెట్టండి. పాలిచ్చే తల్లులు వద్దు, అవి కుమ్ముతాయి. పరుగెత్తే బెరుకు గొర్రెలూ వద్దు, పరుగు చూస్తేనే పిల్లకు ఆట గుర్తొస్తుంది. కుక్కను చూసి ఉన్నవి, దగ్గరకు వస్తే కాలు నేలకేసి కొట్టి నిలబడేవి కావాలి. మీ జీవాలు అసలు కుక్కనే చూడనివైతే మొదటి వారం పిల్లను కంచెకు ఇవతలే ఉంచండి.

మొదటి రోజులు

కలిపిన రోజున ఓ గంట అక్కడే కూర్చోండి. ఫోను జేబులో పెట్టేయండి. పిల్ల గొర్రె దగ్గరకు ఎలా వెళ్తోందో చూడటమే మీ పని. మంచి పిల్ల ఎదురుగా వెళ్లదు, పక్కనుంచి వంపు తిరిగి వస్తుంది. చెవులు వెనక్కి, తోక కిందికి, కళ్లు సగం మూసుకుని ఉంటాయి. గొర్రె ముక్కు దించి వాసన చూస్తే వెల్లకిలా పడిపోతుంది, లేదా దాని మూతి నాకుతుంది. తర్వాత కొంచెం దూరంలో ముడుచుకుని పడుకుంటుంది. ఇలా జరిగితే నిశ్చింతగా ఉండండి. ముందుకాళ్లు చాపి వెనక భాగం పైకెత్తితే అది ఆటకు పిలుపు. కుక్కలకైతే అర్థమవుతుంది, గొర్రెకు కాదు. అప్పుడు మెల్లగా మధ్యకు వెళ్లి పిల్లను మళ్లించండి. చూపు ఒకేచోట బిగబట్టి వంగి నడుస్తుంటే మరింత కనిపెట్టి ఉండాలి.

రాత్రి ఏడుస్తుంది. ఇంట్లో పిల్లలకు మనసాగదు, లోపలికి తెచ్చేద్దాం అంటారు. తేకండి. మీరే వెళ్లి కాసేపు దాని పక్కన కూర్చుని రండి. మూడు నాలుగు రాత్రులు గడిస్తే అది గొర్రె పొట్టకు ఆనుకుని పడుకోవడం కనిపిస్తుంది. ఇంట్లో నిద్రపోయిన కుక్కకు మాత్రం గుమ్మమే మంద అవుతుంది.

ముట్టుకోవాలా, వద్దా?

అసలు తాకకూడదు, పేరు కూడా పెట్టకూడదు, లేకపోతే మందను వదిలేస్తుందని ఒక పాత సలహా ఉంది. దాన్ని నమ్మినవాళ్ల దగ్గర ఏడాది కుక్కను పట్టుకోవడానికి నలుగురు మనుషులు, ఒక వల కావాల్సి వచ్చింది. యాభై కిలోల కుక్కకు టీకా వేయాలన్నా, కాలిలో ముల్లు తీయాలన్నా అది మీ చేతికి రావాలి. రోజూ రెండుసార్లు, పదేసి నిమిషాలు, జీవాల మధ్యే కూర్చుని ముట్టుకోండి. పంజాలు పట్టుకుని వేళ్ల సందులు చూడండి, పెదవి ఎత్తి పళ్లు చూడండి, చెవుల్లో పిడుదులు వెతకండి. మెడపట్టీ, తాడు, కట్టేస్తే ఊరుకోవడం, బండి ఎక్కడం నాలుగు నెలల్లోపే అలవాటు చేయాలి. పేరు, "రా", "వద్దు" ఈ మూడు మాటలు చాలు.

బంతి విసరడం, గుడ్డ లాగే ఆట, తరిమే ఆట మాత్రం నిషేధం. మీతో ఆడేది రేపు గొర్రెపిల్లతో ఆడుతుంది. మీ వెంట ఇంటిదాకా వస్తే ముద్దు చేయకుండా, తిట్టకుండా మళ్లీ మంద దగ్గరకు తీసుకెళ్లి వదలండి. పదిసార్లు వస్తే పదిసార్లూ. మెచ్చుకోలన్నది జీవాల పక్కన పడుకుని ఉన్నప్పుడే దొరుకుతుందని దానికి తెలియాలి.

దాన్ని తాడుతో కంచె వెంట రోజూ ఒక చుట్టు తిప్పండి. తన హద్దు ఎక్కడిదాకానో కాళ్లకు తెలుస్తుంది. కంచె దాటి తిరగడం ఒకసారి రుచి మరిగితే మాన్పడం చాలా కష్టం. సందులు మూయడానికి పిల్ల దాటేదాకా ఆగకండి.

తిండి, టీకాలు, మందులు

పెద్ద జాతి పిల్ల త్వరగా పెరగాలని పాలు, కాల్షియం మాత్రలు దట్టించేవాళ్లు ఉన్నారు. అది మేలు కాదు. వేగంగా బరువెక్కితే కీళ్లు దెబ్బతింటాయి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన దాణా కొలతగా పెట్టండి, వేలితో తడిమితే పక్కటెముకలు తెలియాలి. తిండి ఎప్పుడూ దాని మూలలోనే పెట్టండి. గిన్నె దగ్గరకు ముక్కు పెట్టిన గొర్రెపిల్లను కరిచిందంటే ఆ తప్పు గిన్నెను అక్కడ పెట్టిన మనిషిదే.

చచ్చిన జీవాన్ని, కోసిన జీవం పేగులను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను, తలను పచ్చిగా వేయకండి. వాటిలోని తిత్తుల ద్వారా కుక్కకు బద్దెపురుగులు పడతాయి. కుక్క మలంలోని గుడ్లు మళ్లీ గడ్డి మీదుగా గొర్రెలకు చేరతాయి. వాటిలో ఒకటి గొర్రె మెదడులో నీటితిత్తి పెట్టి, తిరుగుతూ తిరుగుతూ పడిపోయేలా చేస్తుంది. ఇంకొకటి మనుషుల కాలేయంలో కూడా తిత్తులు పెడుతుంది. కళేబరాలను లోతుగా పూడ్చేయండి, బద్దెపురుగుల మందు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం వేయించండి.

డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బుల టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, పదహారు వారాలు దాటేదాకా మూడు నాలుగు వారాలకోసారి పడాలి. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు వేస్తారు, ఏడాదికి మళ్లీ వేయించాలి. ఇవి పూర్తయ్యేదాకా బయటి కుక్కలు తిరిగే చోటికి పిల్లను తీసుకెళ్లకండి. జీవాలకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు డబ్బాలు, సిరంజిలు దానికి అందకూడదు. గొర్రెల డోసు కుక్కకు విషం కావచ్చు. మందు పోసిన రోజు నేల మీద ఒలికింది కూడా కడిగేయండి.

ఆరు నుంచి పద్దెనిమిది నెలలు: ఇక్కడే అందరూ ఓడిపోతారు

అప్పటిదాకా బుద్ధిగా ఉన్న పిల్ల ఒక్కసారిగా మారుతుంది. ఒళ్లు పెద్దకుక్కది, బుద్ధి చిన్నపిల్లది. ఎండ తగ్గి గాలి చల్లబడిన సాయంత్రాలు దానికి ఉషారు. మా రెండో కుక్కకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఓ సాయంత్రం దొడ్డి దగ్గరకు వెళ్తే తోక ఊపుతూ ఎదురొచ్చింది. పెదవి మూలన తెల్లటి ఉన్ని పోగు అంటుకుని ఉంది. రక్తం లేదు, అరుపు లేదు, మంద మామూలుగానే ఉంది. ఒక్క గొర్రెపిల్ల మాత్రం గోడవారన నిలబడి ఉంది, దాని చెవి కొసలు తడిగా ఉన్నాయి.

అప్పుడు కొట్టినా, అరిచినా లాభం లేదు. పని అయిపోయిన తర్వాత పడే దెబ్బకు కారణం దానికి తెలియదు, మీరొస్తే దెబ్బ పడుతుందని మాత్రం తెలుస్తుంది. చేస్తుండగా చూస్తేనే, ఆ క్షణంలోనే గట్టిగా "వద్దు" అని మధ్యలోకి వెళ్లాలి. నేను చేసిందల్లా దాన్ని ఆ రాత్రే పక్క దొడ్డిలోకి మార్చడం. అక్కడ పెద్ద పొట్టేళ్లు రెండున్నాయి. ఆటకని వెళ్తే ఒకటి తల వంచి నెట్టింది, అంతే, తెలిసిపోయింది. మూడు వారాలు రాత్రంతా అక్కడ, పగలు నేను ఉన్నంతసేపూ మందలో. తర్వాత మళ్లీ మెల్లగా కలిపాను. ఇంకో రెండుసార్లు ఉన్ని పీకింది, పద్నాలుగో నెల తర్వాత మళ్లీ చేయలేదు.

అసలు సూత్రం ఇదే: మీరు చూడని వేళ, బలహీనమైన జీవాల మధ్య కుర్రకుక్కను వదలకండి. కంచెకు అటుపక్క ఉంచితే చాలు, మందతో ఉన్నట్టే, తప్పు చేసే వీలు లేనట్టే. తరమడం ఒట్టి ఆటే, కానీ దాని రుచి కుక్కకు చాలా బాగుంటుంది. ఒక్కసారి చేసింది రెండోసారి ఇంకా తేలిగ్గా చేస్తుంది.

తరిమే అలవాటు మొదలైతే గుది పనికొస్తుంది. గుదిబండ అనే మాట ఇప్పుడు తిట్టులా వాడుతున్నాం గానీ, అది పరుగెత్తే పశువు మెడకు కట్టే కర్రే కదా. తేలికైన కర్రను గొలుసుతో మెడపట్టీకి అడ్డంగా వేలాడదీయండి. నడిస్తే ఇబ్బంది ఉండకూడదు, పరుగు తీస్తే ముందుకాళ్ల మోకాళ్లకు తగలాలి. మీరు దగ్గర ఉన్నప్పుడే కట్టండి. కంచెలో చిక్కుకుంటే మెడ బిగుసుకుంటుంది.

ఈనే కాలం

మొదటి ఏడాది కుర్రకుక్క దీన్ని కంచె అవతల నుంచే చూడాలి. రెండో ఏడాది మీరు పక్కనుండగా లోపలికి రానివ్వండి. ఈనాక పడే మాయను తింటే తిననివ్వండి, దొడ్డి శుభ్రమవుతుంది. నాకడం మితిమీరితే మాత్రం ఆపాలి. తల్లి నాకాల్సిన పిల్లను కుక్క నాకేస్తే వాసన మారి తల్లి దగ్గరకు రానివ్వకపోవచ్చు. కొన్ని కుక్కలు మరీ ముందుకెళ్లి పిల్లను తమదే అనుకుని తల్లినే గుర్రుమంటాయి. ఇది ప్రేమే, అయినా పిల్ల జున్నుపాలు తాగక చచ్చిపోతుంది. అలవాటు పడిన కుక్క ఎలా ఉంటుందంటే, ఈనే గొర్రెకు ఓ పదడుగుల దూరంలో పడుకుని తల అటు తిప్పుకుంటుంది. గొర్రె కాలు తట్టిందంటే ఇంకో నాలుగడుగులు జరుగుతుంది.

కాపలా పని ఎప్పుడు మొదలవుతుంది?

దానంతట అది మొదలవుతుంది. ఒక రాత్రి గొంతు మారిన మొరుగుడు వినిపిస్తుంది. మొరగడం, హద్దుల్లో మూత్రం పోయడం, అనుమానం వచ్చినవైపుకు వెళ్లి నిలబడటం, దాని పనిలో అధికభాగం ఇంతే. వచ్చినదాన్ని పోట్లాడకుండానే పంపేయడం నేర్చిన కుక్క ఎక్కువకాలం బతుకుతుంది. రాత్రంతా మొరగవచ్చని చుట్టుపక్కలవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, మొరగొద్దని మాత్రం కొట్టకండి. "ఉస్కో" అని మనుషుల మీదికి ఉసిగొల్పడం సరదాకైనా వద్దు.

ఏడాది నిండని కుక్కను తోడేళ్లు, చిరుతలు తిరిగే చోట రాత్రి ఒంటరిగా వదిలితే మందతోపాటు దాన్నీ పోగొట్టుకుంటారు. అలాంటి చోట పెద్ద కుక్కలైనా రెండు మూడు కావాలి, మెడకు మేకులున్న పట్టీ ఉండాలి. ఊరకుక్కలు, నక్కల బెడద వరకే అయితే చాలాచోట్ల ఒక ఎదిగిన కుక్క సరిపోతుంది.

పూర్తిగా అప్పగించే ముందు దొంగచాటుగా పరీక్షించండి. వెళ్లిపోయినట్టు నటించి అరగంట చాటుగా ఉండి చూడండి. తర్వాత రెండు గంటలు, తర్వాత ఒక పగలు, ఆ తర్వాతే రాత్రి. ఎక్కువ కుక్కలు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య కుదురుకుంటాయి, కొన్ని మగకుక్కలకు ఇంకా టైం పడుతుంది. కోళ్లయితే ఇంకాస్త ఆగాలి, టపటపలాడే రెక్కలు చూస్తే ముసలి కుక్కకైనా చపలత్వం పుడుతుంది. రెండేళ్లు దాటాక కూడా ఒంటరిగా వదిలితే జీవాలను గాయపరుస్తుంటే ఆ కుక్కను ఈ పని నుంచి తప్పించేయండి.

ఒకటి మరిచిపోతారు చాలామంది. కుక్క కుదురుకున్నాక కొత్త జీవాలను కొని తెస్తే, దాని లెక్కలో అవి దొంగలే. నేరుగా మందలో కలపకండి. పక్క దొడ్డిలో మూడు నాలుగు రోజులు ఉంచండి. మొదటి రోజు మొరుగుతుంది, రెండో రోజు కంచె వెంట వాసన చూస్తూ తిరుగుతుంది. అది కంచెకు వీపు ఆనించి, వాటివైపు చూడకుండా పడుకున్న పూట తలుపు తీయండి.